ఓడరేవులలో సరుకు ఎత్తే యంత్రాల భద్రత

ఓడలలోకి సరుకు ఎక్కించడానికి, ఓడల నుండి దించడానికి, రేవులో ఒక చోటి నుండి మరొక చోటికి చేర్చడానికి క్రేన్లు, డెరిక్‌లు, ఫోర్క్‌లిఫ్టుల వంటి యంత్రాలను, వాటికి తగిలించే తాళ్ళు, గొలుసులు, కొక్కేల వంటి విడి సాధనాలను వాడతారు. వీటి వల్ల పనివారికి ప్రాణహాని, అంగవైకల్యం కలగకుండా పాటించవలసిన నియమాల సముదాయమే '''ఓడరేవులలో సరుకు ఎత్తే యంత్రాల భద్రత'''. ఈ నియమాలకు అంతర్జాతీయ స్థాయిలో ప్రధాన ఆధారం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లో ఆమోదించిన 152వ ఒడంబడిక. భారతదేశంలో 1986 నాటి రేవు కార్మికుల (భద్రత, ఆరోగ్యం, సంక్షేమం) చట్టం, దాని కింద 1990లో చేసిన నిబంధనలు వీటిని వివరంగా నిర్దేశించాయి.

ఓడ గర్భంలోనో, రేవు గట్టు మీదో పనిచేసే కళాసీకి పైన వేలాడుతున్న బరువు ఎంతో, దానిని మోస్తున్న తాడు ఎంత మోయగలదో చూసినంత మాత్రాన తెలియదు. తాడు లోపలి తుప్పు, ఇనుములోని సన్నని పగులు పైకి కనిపించవు. అందువల్ల బరువు ఎంత, యంత్రం మోయగలిగినది ఎంత అనే రెండు అంకెలను ముందుగా నిర్ధారించి, రాసి, అందరికీ తెలిసేలా ఉంచడం మీదనే ఈ నియమాలలో అధికభాగం ఆధారపడి ఉంది.

== సాధనాల రకాలు ==

రేవులో వాడే సాధనాలను స్థూలంగా మూడు తరగతులుగా చెప్పవచ్చు.

* '''ఎత్తుడు యంత్రాలు''': గట్టు మీద పట్టాలపై నడిచే క్రేన్లు, కంటైనర్ క్రేన్లు, ఓడ మీదనే బిగించి ఉండే క్రేన్లు, డెరిక్‌లు, వించిలు మొదలైనవి. 152వ ఒడంబడిక నిర్వచనం ప్రకారం బరువును వేలాడదీసి గాని, కింది నుండి మోసి గాని కదిలించే యంత్రాలన్నీ ఈ తరగతిలోకే వస్తాయి. కాబట్టి ఫోర్క్‌లిఫ్టు కూడా ఎత్తుడు యంత్రమే.
* '''విడి సాధనాలు''': బరువును యంత్రానికి తగిలించడానికి వాడేవి, అయితే యంత్రంలోను, బరువులోను శాశ్వత భాగం కానివి. స్లింగులు, గొలుసులు, కొక్కేలు, షాకిళ్ళు, రింగులు, కంటైనర్లను పట్టుకునే స్ప్రెడర్లు ఇందుకు ఉదాహరణలు.
* '''రవాణా సాధనాలు''': ట్రాక్టర్లు, ట్రెయిలర్లు, బొగ్గు, ఇనుప ఖనిజం, ఎరువుల వంటి విడి సరుకును మోసే కన్వేయర్ బెల్టులు.

== ప్రమాదాలు జరిగే తీరు ==

ఎత్తే పనిలో ప్రమాదాలు ప్రధానంగా ఈ కింది విధాలుగా జరుగుతాయి.

* మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువు ఎత్తడం వల్ల గాని, సాధనం అరిగిపోవడం వల్ల గాని తాడు తెగడం, కొక్కెం విరగడం, క్రేను కూలడం లేదా బోల్తాపడడం.
* బరువును సరిగా కట్టకపోవడం వల్ల అది జారి పడడం.
* ఊగుతున్న బరువుకు, ఓడ గోడకు లేదా పక్కనున్న సరుకుకు మధ్య మనిషి నలిగిపోవడం.
* క్రేను చక్రాల కింద, ఫోర్క్‌లిఫ్టుల కింద పడడం.
* కన్వేయర్ బెల్టుకు, రోలరుకు మధ్య చెయ్యి లేదా బట్ట చిక్కుకోవడం.

నెమ్మదిగా ఎత్తిన బరువు తాడు మీద చూపే ప్రభావానికి, ఒక్కసారిగా లాగిన బరువు చూపే ప్రభావానికి చాలా తేడా ఉంటుంది. వదులుగా ఉన్న తాడును హఠాత్తుగా బిగిస్తే కలిగే కుదుపు భారం అసలు బరువుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కావచ్చు. పోయిన వారం అదే బరువును మోసిన తాడు ఈ వారం తెగడానికి ఇది ఒక కారణం.

== చరిత్ర ==

ఆవిరి యంత్రాలు రాకముందు రేవులలో సరుకు ఎక్కువగా మనుషుల భుజాల మీద, చేతి కప్పీల సాయంతో కదిలేది. యంత్రాలు వచ్చిన తరువాత కూడా ఆసియా రేవులలో చాలాకాలం మోత పని కొనసాగింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో రంగూను రేవులో ఎగుమతి, దిగుమతి పనులను చాలావరకు ఆంధ్ర తీరం నుండి వలస వెళ్ళిన తెలుగు కూలీలు చేసేవారు. గోదావరి తీరంలోని కోరంగి రేవు పేరు మీద వారిని అక్కడ కోరంగీలు అని పిలిచేవారు.

ఆవిరి వించిలు, క్రేన్ల వాడకం పెరిగిన కొద్దీ ప్రమాదాలు కూడా పెరిగాయి. బ్రిటన్‌లో 1904లో రేవు పనులకు ప్రత్యేక నిబంధనలు చేశారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1929లో రేవు కార్మికుల ప్రమాద నివారణపై 28వ ఒడంబడికను ఆమోదించి, దానిని సవరించి 1932లో 32వ ఒడంబడికను తెచ్చింది. ఈ ఒడంబడిక ఆశయాలకు అనుగుణంగా భారతదేశంలో 1934లో భారత రేవు కూలీల చట్టం వచ్చింది.

1929లోనే ఆమోదించిన 27వ ఒడంబడిక ప్రకారం ఓడలలో పంపే, వెయ్యి కిలోలు లేదా అంతకు మించి బరువున్న ప్రతి మూట మీద, పెట్టె మీద దాని బరువును చెరగని విధంగా రాయాలి. భారతదేశం ఈ ఒడంబడికను 1931లో ధ్రువీకరించి, 1951లో బరువైన పెట్టెలపై గుర్తుల చట్టం చేసింది.

వాడే పదార్థం మారినప్పుడు నియమం కూడా మారడానికి గొలుసులు మంచి ఉదాహరణ. పాత కాలపు చేత ఇనుప గొలుసులు వాడకంలో పెళుసెక్కేవి. అందుచేత 1932 ఒడంబడిక వాటిని నిర్ణీత కాలానికి ఒకసారి కాల్చి, మెల్లగా చల్లార్చాలని ఆదేశించింది. సాధారణ వాడకంలో ఉన్న పన్నెండున్నర మిల్లీమీటర్లు, అంతకంటే సన్నని గొలుసులకు ఈ గడువు ఆరు నెలలు. నేటి మిశ్రమ ఉక్కు గొలుసులను అలా కాల్చితే వాటి బలం తగ్గిపోతుంది. కాబట్టి ఒకనాడు తప్పనిసరి అయిన పని నేడు చేయకూడని పనిగా మారింది.

1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కం మెక్లీన్ సంస్థకు చెందిన ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 కంటైనర్లతో నెవార్క్ నుండి హ్యూస్టన్‌కు బయలుదేరింది. ఆ తరువాత రెండు దశాబ్దాలలో కంటైనర్ల రవాణా ప్రపంచమంతటా వ్యాపించి రేవు పని స్వరూపాన్నే మార్చివేసింది. ఈ మార్పులకు అనుగుణంగా 1979లో 152వ ఒడంబడిక వచ్చింది. ఓడరేవులలో భద్రత, ఆరోగ్యంపై అంతర్జాతీయ కార్మిక సంస్థ రూపొందించిన ఆచరణ నియమావళి 2005లో వెలువడింది. దీనిని 2016లో సవరించారు.

== సురక్షిత పనిభారం ==

ఒక సాధనం సాధారణ పరిస్థితులలో, ప్రమాదం లేకుండా ఎత్తగలిగిన గరిష్ఠ బరువును '''సురక్షిత పనిభారం''' అంటారు. ఇది సాధనం తెగిపోయే లేదా విరిగిపోయే బరువుకంటే చాలా తక్కువగా ఉంటుంది. తెగే బరువును సురక్షిత పనిభారంతో భాగిస్తే వచ్చే సంఖ్యను భద్రతా గుణకం అంటారు. ఉక్కు తాడుతో చేసిన స్లింగులకు భద్రతా గుణకం సాధారణంగా ఐదు ఉంటుంది. ఉదాహరణకు 20 టన్నుల వద్ద తెగే తాడుతో చేసిన స్లింగుకు సురక్షిత పనిభారం 4 టన్నులు. మిగిలిన బలాన్ని అరుగుదల, తుప్పు, కుదుపులు, అంచనాలలో పొరపాట్ల కోసం విడిచిపెడతారు. అది అదనపు బరువు ఎత్తుకోవడానికి ఉన్న వెసులుబాటు కాదు.

ప్రతి ఎత్తుడు యంత్రం మీద, విడి సాధనం మీద సురక్షిత పనిభారాన్ని స్పష్టంగా గుర్తించాలి. చిన్న సాధనాల మీద అంకెను ముద్రిస్తారు లేదా గట్టిగా బిగించిన బిళ్ళ మీద రాస్తారు. బూమ్ ముందుకు వంగిన కొద్దీ జిబ్ క్రేను మోయగలిగిన బరువు తగ్గుతుంది. కాబట్టి అలాంటి యంత్రానికి ఒకే అంకె సరిపోదు. ఏ దూరంలో ఎంత బరువు ఎత్తవచ్చో డ్రైవరు తన గదిలో నుండే తెలుసుకోగల ఏర్పాటు ఉండాలి.

సమర్థ వ్యక్తి పర్యవేక్షణలో జరిగే భార పరీక్షలో తప్ప మరెప్పుడూ సురక్షిత పనిభారానికి మించి ఎత్తరాదు. స్లింగు, షాకిల్, స్ప్రెడర్ల సొంత బరువును కూడా ఎత్తే బరువులో కలిపి లెక్కించాలి.

== పరీక్షలు, ధ్రువపత్రాలు ==

నిబంధనలలో మూడు రకాల పరీక్షలు ఉన్నాయి. ఇవి ఒకదానికి మరొకటి ప్రత్యామ్నాయం కాదు.

=== భార పరీక్ష ===

యంత్రాన్ని మొదటిసారి పనిలోకి తీసుకునే ముందు, భద్రతపై ప్రభావం చూపే పెద్ద మార్పు లేదా మరమ్మతు జరిగిన తరువాత, సురక్షిత పనిభారం కంటే కొంత ఎక్కువ బరువుతో దానిని పరీక్షించాలి. ఓడ మీద ఉండే ఎత్తుడు యంత్రాలను కనీసం ఐదేళ్ళకు ఒకసారి తిరిగి పరీక్షించాలని 152వ ఒడంబడిక చెబుతుంది. గట్టు మీది యంత్రాలకు గడువును ఆయా దేశాల అధికారులు నిర్ణయిస్తారు. సాధారణంగా అనుసరించే పరీక్షా భారాలు ఇవి.

* సురక్షిత పనిభారం 20 టన్నుల వరకు: దానికంటే 25 శాతం ఎక్కువ
* 20 నుండి 50 టన్నుల వరకు: దానికంటే 5 టన్నులు ఎక్కువ
* 50 టన్నులు దాటితే: దానికంటే 10 శాతం ఎక్కువ

ఈ లెక్కన 10 టన్నుల క్రేనును పన్నెండున్నర టన్నులతో, 30 టన్నుల క్రేనును 35 టన్నులతో, 60 టన్నుల క్రేనును 66 టన్నులతో పరీక్షిస్తారు. గొలుసులు, కొక్కేలు, షాకిళ్ళు, రింగుల వంటి విడి సాధనాలకు పరీక్ష ఇంకా కఠినం. 25 టన్నుల లోపు పనిభారం గల వాటిని రెట్టింపు బరువుతో పరీక్షిస్తారు.

=== కూలంకష పరీక్ష ===

ప్రతి ఎత్తుడు యంత్రాన్ని, ప్రతి విడి సాధనాన్ని కనీసం 12 నెలలకు ఒకసారి సమర్థ వ్యక్తి క్షుణ్ణంగా పరిశీలించాలి. కంటితో చూడడమే కాక, అవసరమైతే భాగాలను విప్పి, సుత్తితో తట్టి, ఇతర పద్ధతులతో పగుళ్ళను వెతికి, సాధనం వాడకానికి పనికివస్తుందో లేదో నిర్ణయించాలి. '''సమర్థ వ్యక్తి''' అంటే ఆ పనికి కావలసిన చదువు, అనుభవం కలిగి, అధికారుల గుర్తింపు పొందిన వ్యక్తి.

=== రోజువారీ పరిశీలన ===

విడి సాధనాలను పనికి ముందు బాధ్యత గల వ్యక్తి చూడాలి. ఒకసారి వాడి పారవేయడానికి చేసిన స్లింగులను మళ్ళీ వాడరాదు. వార్షిక పరీక్ష నిన్ననే జరిగినా, ఈ రోజు ఉదయం ఫోర్క్‌లిఫ్టు కింద పడి నలిగిన స్లింగు సంగతి ఆ ధ్రువపత్రంలో ఉండదు. అందుకే ఈ మూడవ పరిశీలన అవసరం.

పరీక్షల ఫలితాలను ధ్రువపత్రాలలోను, రిజిస్టరులోను నమోదు చేయాలి. ఓడ తన యంత్రాల రిజిస్టరును వెంట ఉంచుకొని, చేరిన రేవులో తనిఖీ అధికారికి చూపాలి. ఒడంబడికను ధ్రువీకరించిన దేశాలు పరస్పరం ఒకరి ధ్రువపత్రాలను మరొకరు గుర్తించే ఏర్పాటు కూడా ఉంది.

== విడి సాధనాలు ==

=== ఉక్కు తాళ్ళు ===

ఉక్కు తాడు అనేక సన్నని తీగలను పేటలుగా పేని, ఆ పేటలను మళ్ళీ కలిపి పేనగా తయారవుతుంది. తాడు పాతబడిన కొద్దీ తీగలు ఒక్కొక్కటిగా తెగుతాయి. భారత నిబంధనల ప్రకారం తాడు వ్యాసానికి ఎనిమిది రెట్ల పొడవులో ఎక్కడైనా పైకి కనిపించే తెగిన తీగలు మొత్తం తీగలలో 10 శాతం దాటితే ఆ తాడును వాడరాదు. అమెరికా నిబంధనలు ఇదే విషయాన్ని మరో విధంగా చెబుతాయి. పేట తాడు చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగే పొడవులో చెదురుగా పది తీగలు తెగినా, ఒకే పేటలో మూడు తీగలు తెగినా తాడును తొలగించాలి. ఇవి కాక తుప్పు, మెలికలు, నలుగుడు, అతి అరుగుదల కనిపించినా తాడు పనికిరాదు.

తాడు చివర కన్ను చేయడానికి క్లిప్పులు బిగించినప్పుడు, క్లిప్పులోని పీట భాగం బరువు మోసే తాడు వైపు, యు ఆకారపు కడ్డీ వాడని కొస వైపు ఉండాలి. తిప్పి బిగిస్తే కడ్డీ మోసే తాడునే నొక్కి దాని బలాన్ని తగ్గిస్తుంది.

=== స్లింగుల కోణం ===

రెండు కాళ్ళ స్లింగుతో బరువు ఎత్తినప్పుడు కాళ్ళ మధ్య కోణం పెరిగిన కొద్దీ ఒక్కొక్క కాలి మీద పడే లాగుడు పెరుగుతుంది. 10 టన్నుల బరువుకు ఈ లెక్క ఇలా ఉంటుంది.

* రెండు కాళ్ళు సమాంతరంగా ఉంటే: ఒక్కొక్క కాలిపై 5 టన్నులు
* మధ్య కోణం 60 డిగ్రీలు: సుమారు 5.8 టన్నులు
* మధ్య కోణం 90 డిగ్రీలు: సుమారు 7.1 టన్నులు
* మధ్య కోణం 120 డిగ్రీలు: 10 టన్నులు

అంటే 120 డిగ్రీల వద్ద రెండు కాళ్ళున్నా ఒక్కొక్కటి మొత్తం బరువును మోసినట్లే అవుతుంది. ఆ కోణం దాటితే లాగుడు ఇంకా వేగంగా పెరుగుతుంది. పొడవు చాలని స్లింగును వెడల్పైన పెట్టెకు బలవంతంగా తగిలించడం అందుకే ప్రమాదకరం. రెండు డెరిక్‌లను జంటగా వాడి సరుకును ఓడ గర్భం నుండి గట్టుకు చేర్చే పద్ధతిలో కూడా రెండు తాళ్ళ మధ్య కోణం 120 డిగ్రీలు దాటరాదు.

=== గొలుసులు, కొక్కేలు ===

గొలుసును పొట్టి చేయడానికి ముడి వేయరాదు. తెగిన లంకెల మధ్య బోల్టు పెట్టి కలపరాదు. సాగిన, పగిలిన, వంగిన లంకెలున్న గొలుసును తొలగించాలి. నోరు తెరుచుకున్న కొక్కెం అధిక భారాన్ని మోసినదని అర్థం. దానిని కాల్చి తిరిగి వంచి వాడరాదు. స్లింగు జారిపోకుండా కొక్కేనికి గొళ్ళెం గాని, జారనివ్వని ఆకారం గాని ఉండాలి. పదునైన అంచులున్న సరుకుకు, స్లింగుకు మధ్య మెత్త పెట్టాలి.

== క్రేన్లు, డెరిక్‌లు ==

క్రేనుకు బ్రేకులు, కొక్కెం పైకి తగిలే వరకు పోకుండా ఆపే లిమిట్ స్విచ్, అత్యవసరంగా ఆపే మీట, అధిక భారాన్ని హెచ్చరించే పరికరం ముఖ్యమైనవి. లిమిట్ స్విచ్ పొరపాటు జరిగినప్పుడు ఆదుకోవడానికి ఉద్దేశించినది. దానిని రోజూ యంత్రాన్ని ఆపే సాధనంగా వాడరాదు. పళ్ళ చక్రాలు, తిరిగే ఇరుసులకు రక్షణ కవచాలు ఉండాలి. కొక్కెం అతి కిందికి దిగినప్పుడు కూడా డ్రమ్ము మీద కొన్ని చుట్ల తాడు మిగిలి ఉండాలి.

పట్టాల మీద నడిచే క్రేన్లకు గాలి పెద్ద శత్రువు. ఎత్తైన కంటైనర్ క్రేను మీద పడే గాలి ఒత్తిడి దానిని పట్టాల వెంట తోసివేయగలదు. అందువల్ల గాలి వేగాన్ని కొలిచే పరికరం, నిర్ణీత వేగం దాటగానే పని ఆపే నియమం, పట్టాలను పట్టే బిగింపులు, తుపాను సమయంలో క్రేనును నేలకు కట్టివేసే ఏర్పాట్లు ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్దనే తీరం దాటింది. బంగాళాఖాతం తీరంలోని రేవులకు ఈ ఏర్పాట్లు అత్యవసరం.

== ఫోర్క్‌లిఫ్టులు ==

ఫోర్క్‌లిఫ్టు తక్కెడలా పనిచేస్తుంది. ముందు చక్రాలు ఇరుసుగా, ముందున్న సరుకును వెనుకనున్న ప్రతిభారం నిలబెడుతుంది. సరుకు కేంద్రం ముందుకు జరిగిన కొద్దీ, పైకి ఎత్తిన కొద్దీ నిలకడ తగ్గుతుంది. దీని భద్రతకు పాటించే ముఖ్య నియమాలు:

* యంత్రం మీద రాసిన సామర్థ్యాన్ని మించరాదు. వెనుక మనుషులను నిలబెట్టి ప్రతిభారం పెంచరాదు.
* సరుకును నేలకు దగ్గరగా ఉంచి, కొద్దిగా వెనుకకు వంచి నడపాలి.
* సరుకు చూపుకు అడ్డం వస్తే వెనుకకు నడపాలి లేదా దారి చూపే మనిషి ఉండాలి.
* ఫోర్కుల మీద మనుషులు ఎక్కరాదు. ఎత్తిన ఫోర్కుల కింద నిలబడరాదు.
* పై నుండి సరుకు పడే అవకాశం ఉన్నచోట డ్రైవరు తలపై రక్షణ కప్పు ఉండాలి.

ఓడ గర్భంలో డీజిలు, పెట్రోలు, గ్యాసు ఇంజన్ల ఫోర్క్‌లిఫ్టులను నడిపినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దీనికి రంగు, వాసన లేవు. అమెరికా నిబంధనల ప్రకారం ఎనిమిది గంటల సగటున ఇది గాలిలో పది లక్షల భాగాలకు 50 భాగాలు దాటరాదు. 100 భాగాలు దాటితే పనివారిని వెంటనే బయటకు పంపించాలి. మూసి ఉన్న చోట్ల గాలి ఆడే ఏర్పాటు చేయడం, గాలిని కొలవడం తప్పనిసరి.

== కన్వేయర్లు ==

బెల్టు, రోలరు కలిసే చోట్లను కంచెతో మూయాలి. బెల్టు పొడవునా ఎక్కడి నుండి లాగినా యంత్రం ఆగిపోయే అత్యవసర తాడు ఉండాలి. అలా ఆగిన బెల్టు దానంతట అది తిరిగి మొదలు కారాదు. శుభ్రం చేసేటప్పుడు, మరమ్మతు చేసేటప్పుడు విద్యుత్తును ఆపి స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవిని పనిచేసే వ్యక్తే తన వద్ద ఉంచుకోవాలి.

== కంటైనర్లు ==

నలభై అడుగుల ప్రామాణిక కంటైనరు గరిష్ఠ స్థూల బరువు చాలాకాలం 30,480 కిలోలుగా ఉండేది. నిండు కంటైనరును పై మూలల నుండి ఎత్తినప్పుడు నాలుగు మూలల వద్ద లాగుడు నిట్టనిలువుగా ఉండాలి. ఇందుకోసమే స్ప్రెడరును వాడతారు. స్ప్రెడరు నాలుగు తాళాలూ పడ్డాయని సూచించే దీపం చూసిన తరువాతనే ఎత్తాలి.

కంటైనరులో ఏముందో, ఎంత బరువుందో పైకి కనిపించదు. పత్రాలలో తక్కువ బరువు రాసిన కంటైనర్లు క్రేన్లకు, ఓడల నిలకడకు ముప్పు కలిగిస్తాయి. అందువల్ల సముద్రంలో ప్రాణ రక్షణకు సంబంధించిన సోలాస్ అంతర్జాతీయ ఒప్పందాన్ని సవరించి, 2016 జులై 1 నుండి ప్రతి నిండు కంటైనరు స్థూల బరువును తూచి లేదా నిర్ణీత పద్ధతిలో లెక్కగట్టి ధ్రువీకరించాలని నియమం చేశారు. ఆ వివరం లేని కంటైనరును ఓడలోకి ఎక్కించరాదు. 1929లో పెట్టెల మీద బరువు రాయాలన్న నియమానికి ఇది నేటి రూపం.

అదే ఒప్పందానికి 2023లో ఆమోదించిన మరో సవరణ ఓడల మీది ఎత్తుడు యంత్రాల రూపకల్పన, పరీక్ష, నిర్వహణలకు సంబంధించినది. ఇది 2026 జనవరి 1 నుండి వర్తిస్తుంది. అప్పటివరకు ఈ యంత్రాల విషయంలో ఆయా దేశాల చట్టాలు, ఓడల వర్గీకరణ సంస్థల నియమాలే ఆధారంగా ఉండేవి.

== పనివారు, సైగలు ==

152వ ఒడంబడిక ప్రకారం ఎత్తుడు యంత్రాలను 18 ఏళ్ళు నిండి, తగిన సామర్థ్యం, అనుభవం ఉన్నవారే నడపాలి. శిక్షణలో ఉన్నవారు తగిన పర్యవేక్షణలో నడపవచ్చు.

డ్రైవరుకు బరువు కనిపించని చోట సైగలు చేసే వ్యక్తి ఉండాలి. ఓడ గర్భంలో పని జరిగేటప్పుడు డ్రైవరు పూర్తిగా ఇతని సైగల మీదనే ఆధారపడతాడు. ఒక యంత్రానికి ఒకే వ్యక్తి సైగలు చేయాలి. అయితే ఆపమనే సైగ ఎవరు చేసినా డ్రైవరు వెంటనే ఆపాలి. వేలాడే బరువు కింద ఎవరూ ఉండరాదు. బరువు మీద ఎక్కి ప్రయాణించరాదు. ఊగే బరువును చేతులతో కాక, దానికి కట్టిన తాడుతో అదుపు చేయాలి. బరువును వేలాడదీసి డ్రైవరు తన చోటు విడిచి వెళ్ళరాదు.

== భారతదేశంలో చట్టాలు ==

1934 చట్టం స్థానంలో 1986లో రేవు కార్మికుల (భద్రత, ఆరోగ్యం, సంక్షేమం) చట్టం వచ్చింది. దీని ప్రకారం విశాఖపట్నం వంటి ప్రధాన రేవుల విషయంలో కేంద్ర ప్రభుత్వం, మిగిలిన రేవుల విషయంలో రాష్ట్ర ప్రభుత్వాలు బాధ్యత వహించాయి. ప్రధాన రేవులలో తనిఖీలను కేంద్ర కార్మిక మంత్రిత్వ శాఖకు చెందిన, ముంబయి కేంద్రంగా గల డిజిఫాస్లి సంస్థ చూస్తుంది. ప్రమాదకరంగా ఉన్న యంత్రాన్ని వాడకుండా నిషేధించే అధికారం ఈ చట్టం కింద తనిఖీ అధికారులకు లభించింది.

ఓడలను నిర్మించే యార్డులు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పరిధిలో ఉండేవి. ఆ చట్టం 29వ సెక్షన్ ఎత్తుడు యంత్రాలను, గొలుసులను, తాళ్ళను కనీసం 12 నెలలకు ఒకసారి సమర్థ వ్యక్తి పరీక్షించాలని చెప్పింది. కదిలే క్రేను దారిలో గాని, దగ్గరలో గాని పనిచేసే మనిషికి తగిలే ప్రమాదం ఉన్నప్పుడు క్రేను ఆరు మీటర్ల లోపలికి రాకుండా చూడాలని కూడా ఆదేశించింది.

వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌ను పార్లమెంటు 2020లో ఆమోదించింది. ఇది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చి, పై రెండింటితో సహా 13 కేంద్ర చట్టాల స్థానాన్ని తీసుకుంది. పాత చట్టాల కింద చేసిన నియమాలు కోడ్‌కు విరుద్ధం కానంత మేరకు కొనసాగే ఏర్పాటు కోడ్‌లో ఉంది.

== ఆంధ్రప్రదేశ్ తీరంలో ==

విశాఖపట్నం రేవు 1933లో ప్రారంభమైంది. ఇక్కడ ఇనుప ఖనిజం, బొగ్గు వంటి విడి సరుకులతో పాటు కంటైనర్ల పని కూడా జరుగుతుంది. గంగవరం, కృష్ణపట్నం, కాకినాడ రేవులు ప్రధాన రేవుల జాబితాలో లేవు.

కాకినాడ లంగరు రేవులో పని తీరు భిన్నమైనది. ఇక్కడ ఓడ తీరానికి దూరంగా లంగరు వేసి ఉండగా సరుకును బార్జీల మీద తీసుకువెళ్ళి, ఓడ మీది యంత్రాలతో పైకి ఎత్తుతారు. అలల మీద బార్జీ, ఓడ వేరువేరుగా కదులుతాయి. బరువు లేవబోయే క్షణంలో బార్జీ కిందికి దిగితే తాడు మీద కుదుపు భారం పడుతుంది. కాబట్టి ఇటువంటి చోట ఓడ యంత్రాల ధ్రువపత్రాలను పని మొదలుపెట్టే ముందే చూడడం, అలల తీవ్రత పెరిగితే పని ఆపడం మరింత అవసరం.

2020 ఆగస్టు 1న విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో, పనిలోకి తీసుకోవడానికి ముందు పరీక్షలు జరుగుతున్న ఒక పెద్ద క్రేను కూలిపోయి 11 మంది మరణించారు. యంత్రం ఎంత మోయగలదో ఇంకా నిర్ధారణ కాని దశ భార పరీక్ష. ఈ సమయంలో యంత్రం సాధారణ పనిలో ఎన్నడూ మోయని బరువును మోస్తుంది. అందువల్ల బరువును అంచెలంచెలుగా పెంచడం, క్రేను పడగల దూరమంతా ఖాళీ చేయించి కంచె వేయడం, పరీక్షకు తప్పనిసరి అయిన వారిని మాత్రమే ఉంచడం, ఒకే వ్యక్తి ఆజ్ఞ మీద పని జరగడం మంచి పద్ధతులుగా పరిగణిస్తారు.

== ఇతర దేశాలలో ==

* '''అమెరికా''': రేవు గట్టు మీది పనులకు, ఓడ మీది పనులకు, షిప్‌యార్డులకు వేరువేరుగా నిబంధనలు ఉన్నాయి. ఇవి సమాఖ్య నియమావళి 29వ సంపుటంలో వరుసగా 1917, 1918, 1915 భాగాలు. యంత్రాల ధ్రువీకరణకు 1919వ భాగం ప్రత్యేకంగా ఉంది.
* '''బ్రిటన్''': 1998 నాటి ఎత్తుడు పనుల నిబంధనలు రేవులకు కూడా వర్తిస్తాయి. వీటి ప్రకారం మనుషులను ఎత్తే యంత్రాలను, స్లింగుల వంటి విడి సాధనాలను ఆరు నెలలకు ఒకసారి, మిగిలిన యంత్రాలను 12 నెలలకు ఒకసారి కూలంకషంగా పరీక్షించాలి.

== ఇవి కూడా చూడండి ==

* ఓడరేవు
* క్రేను
* కప్పీ
* విశాఖపట్నం ఓడరేవు
* కాకినాడ ఓడరేవు
* అంతర్జాతీయ కార్మిక సంస్థ